ఆరోగ్యవరం చరిత్రలో మనసు, మెదడు, మాత్ర



ఈమధ్య మన కార్యక్రమానికి వచ్చిన ఉత్తరాలలో ఒకదానిని నేను రెండు మూడు సార్లు చదివాను. ఒక సహోదరి రాసిన ఉత్తరమది. ఆమె భర్తకు టీబీ. ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రలు ఇస్తున్నారు. రెండు నెలలు వేసుకొనేసరికి దగ్గు తగ్గింది, ఒంట్లో కొంచెం కండ పట్టింది. అంతలో ఒక కూడికలో ఎవరో ఆయనతో, "రోగమంతా మనసులోనే ఉంది. మనసు బాగుపడితే ఒళ్లు దానంతట అదే బాగుపడుతుంది. ఇంకా మాత్రలు మింగుతున్నావంటే నీ విశ్వాసము చాలదన్నమాట" అన్నారట. ఆయన మాత్రల అట్ట తీసి అటక మీద పెట్టేశారు. అప్పటినుండి రాత్రుళ్లు నిద్ర లేదు, భయం, ఒకటే దిగులు. "పాస్టరు గారూ, మా ఆయనకు విశ్వాసం చాలదా, మందు చాలదా?" అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, జవాబు ముందే చెప్పేస్తాను. ఈరోజే ఆయనను ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. మధ్యలో మాత్రలు ఆపేసిన సంగతి దాచకుండా డాక్టరు గారికి చెప్పి, వారు చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి. ఇక ఈ వారం ప్రసంగమంతా, ఆ మాట ఎందుకు చెబుతున్నానో వివరించడానికే. అందుకు దూరదేశాలకు పోనక్కరలేదు. మన మదనపల్లె దగ్గరే ఆ చరిత్ర ఉన్నది.

మదనపల్లె వాళ్లకు ఆరోగ్యవరం తెలియనిది కాదు. పేరులోనే ఆరోగ్యము, వరము రెండూ ఉన్నాయి. 2022లో జిల్లాల విభజన జరిగి మదనపల్లె చిత్తూరు జిల్లాలో లేకుండా పోయింది గానీ, నేను చెప్పే కాలానికి అదంతా చిత్తూరు జిల్లాయే. ఆ జిల్లా కూడా అప్పటికి కొత్తది. 1911లో ఏర్పడింది. మరుసటి సంవత్సరం 1912లో, కొన్ని ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం ఒక శానిటోరియాన్ని ప్రారంభించాయి. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అని పేరు. 1915 నుండి అది ఊరికి దూరంగా, ఇప్పుడున్న స్థలంలో నడిచింది. దానికి మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోల్లర్ గారు. డెన్మార్క్ దేశపు మిషనరీ. వేరువేరు మిషన్లు ఒకే ఆసుపత్రికి డబ్బు పెట్టి నడపడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు, ప్రియులారా. ఈరోజు మన సంఘాలు ఒక శ్మశానం గోడ కట్టడానికి కూడా కలవలేకపోతున్నాయి. సరే, ఆ మాట ఇప్పుడొద్దు.

మదనపల్లెనే ఎందుకు ఎన్నుకున్నారు? చల్లని గాలి, పొడి వాతావరణం. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఊరు. క్షయ రోగం క్రిమి వల్ల వస్తుందని 1882లోనే రాబర్ట్ కోక్ అనే జర్మనీ డాక్టరు నిరూపించాడు. క్రిమి దొరికింది గానీ ఆ క్రిమిని చంపే మందు దొరకడానికి అరవై ఏండ్లు పైగా పట్టింది. ఆ అరవై ఏండ్లూ ప్రపంచమంతటా శానిటోరియాలలో చేసిన వైద్యం ఏమిటంటే, మంచం మీద విశ్రాంతి, తెరిచిన కిటికీలు, పాలు, గుడ్లు, మంచి భోజనం. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి జబ్బు చేసిన ఊపిరితిత్తి ముడుచుకొనేట్టు చేసేవారు. మరి కొందరికి పక్కటెముకలు తీసివేసేవారు. నెలలు కాదు, సంవత్సరాల తరబడి మంచం.

ఇక్కడ మన విషయం మొదలవుతుంది. ఆ కాలపు డాక్టర్లు మనసు నెమ్మదిని కూడా ఒక మందుగానే ఎంచారు. రోగి ఆందోళన పడకూడదు, కోపం తెచ్చుకోకూడదు, చెడ్డ కబురు వినకూడదు. ఇంటి నుండి వచ్చే ఒక్క ఉత్తరంతో జ్వరం పెరిగిపోతుందని భయపడేవారు. మరోవైపు, క్షయ రోగిలో ఒక వింత ఆశ ఉంటుందని, చావు దగ్గరపడుతున్నా రేపే లేచి తిరుగుతానని అనుకుంటాడని పాత వైద్య గ్రంథాలు రాశాయి. దిగులు వల్లనే క్షయ వస్తుందని నమ్మినవారు కూడా చాలామంది ఉన్నారు. మన పల్లెల్లో "మనోవ్యాధితో కృశించిపోయినాడు" అనే మాట వింటాము కదా, అలాంటిదే.

మరి అది నిజమా? నెమ్మదిగా, సంతోషంగా ఉన్నవాళ్లంతా బాగై ఇంటికి పోయారా? లేదు. కొందరు బాగుపడ్డారు, చాలామంది చనిపోయారు. ప్రార్థన చేసినవాళ్లూ చనిపోయారు, చేయనివాళ్లూ చనిపోయారు. మన దేశంలోనే కాదు, మంచి గాలి, మంచి తిండి, మంచి నర్సులున్న ఐరోపా కొండల మీద కూడా అంతే. మందులేని కాలంలో ఊపిరితిత్తుల క్షయ ముదిరి కళ్లెలో క్రిములు కనబడినవారిలో సగానికి పైగా కొద్ది సంవత్సరాలలోనే పోయేవారు.

తర్వాత మందులొచ్చాయి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1946లో స్వీడన్ నుండి పాస్ అనే మందు వెలుగులోకి వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఇది చవక, మాత్ర రూపంలో మింగవచ్చు. అప్పుడు మన పక్కనే మద్రాసులో ఒక పెద్ద ప్రశ్న వేసుకొన్నారు. దేశంలో క్షయ రోగులు లక్షల్లో ఉన్నారు, శానిటోరియం మంచాలు వేలల్లో ఉన్నాయి. మరి రోగి ఇంట్లోనే ఉండి మాత్రలు మింగితే చాలదా? 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి క్షయ కీమోథెరపీ కేంద్రాన్ని స్థాపించాయి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిషు డాక్టరు గారు దాన్ని నడిపించారు. పేద రోగులను చీట్లు వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియంలో మంచం మీద, మంచి భోజనంతో. రెండో గుంపు ఇరుకు ఇళ్లలో, ఎప్పటి అరకొర తిండితో, ఇంటి గొడవల మధ్య. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, సంవత్సరం పాటు.

1959లో ఫలితం ప్రకటించారు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా బాగుపడ్డాయి. ఇంట్లో ఉన్న రోగుల వల్ల ఆ ఇంటివారికి జబ్బు ఎక్కువగా అంటుకోలేదు కూడా. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడడానికి ఈ మద్రాసు పరిశోధన ఒక ముఖ్య కారణం. మన ఆరోగ్యవరం కూడా క్రమేణా అన్ని రోగాలకూ వైద్యం చేసే ఆసుపత్రిగా మారింది. ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అని ఇప్పుడు దాని పేరు.

ప్రియ సహోదరుడా, ఆ కూడికలో మాట్లాడినవాళ్లు ఈ సంగతి వినాలి. మనసుకు నెమ్మది ఇచ్చే స్థలంలో మంచం మీద పడుకొన్నవానికీ, గుడిసెలో అప్పులవాని కేకల మధ్య కూర్చున్నవానికీ జబ్బు ఒకేలా నయమైంది. ఎందుకంటే ఇద్దరూ మాత్ర మింగారు. మాత్ర క్రిమిని చంపింది. ఆ క్రిమికి మన విశ్వాసమెంతో, మన దిగులు ఎంతో తెలియదు.

అయితే మనసుకు శరీరంతో పని లేదని ఇప్పుడు మనం అనవచ్చా? అది కూడా తప్పే. చరిత్ర ఇంకొక వైపు కూడా చూపిస్తున్నది.

క్షయ క్రిమి ఒంట్లో ప్రవేశించిన ప్రతివానికీ జబ్బు రాదు. వందమందిలో క్రిమి చేరితే, జీవితకాలంలో ఐదు నుండి పది మందికే జబ్బు వస్తుంది. మిగతావారిలో ఒంటి కాపుదల ఆ క్రిమిని గోడ కట్టి బంధించి ఉంచుతుంది. ఆ గోడను పడగొట్టేవి ఏవి? ఆకలి, షుగరు జబ్బు, హెచ్ఐవీ, పొగాకు, సారాయి. వీటితో పాటు ఇంకేమైనా ఉన్నదా అని అమెరికాలో సియాటిల్ పట్టణపు ఫర్లాండ్ శానిటోరియంలో థామస్ హోమ్స్ అనే డాక్టరు వెదికారు. 1950లలో ఆయన, ఆయన తోటివారు రోగుల జీవితాలను వివరంగా రాసుకొన్నారు. జబ్బు పడడానికి ముందు రెండు సంవత్సరాలలో చాలామంది జీవితాలలో కష్టాలు గుంపుగా వచ్చి పడ్డాయి. చావులు, భార్యాభర్తలు విడిపోవడం, ఉద్యోగం పోవడం, ఊరు మారడం. తర్వాత 1967లో జీవితంలోని మార్పులను లెక్కవేసే ఒక పట్టికను ఆయన, రిచర్డ్ రాహే అనే ఇంకొకరు కలిసి ప్రచురించారు. ఇప్పుడు మానసిక ఒత్తిడి గురించి ఏ పుస్తకం తెరిచినా ఆ పట్టిక కనబడుతుంది. అది పుట్టింది క్షయ వార్డులో.

ఇది ఎలా జరుగుతుంది? గాలిలో మంత్రంలా జరిగేది కాదు. మనిషికి భయం గానీ, తీరని దుఃఖం గానీ పట్టుకున్నప్పుడు మెదడు అడుగున ఉన్న ఒక చిన్న భాగం హెచ్చరిక పంపుతుంది. ఆ హెచ్చరిక మూత్రపిండాల పైన టోపీలా కూర్చున్న గ్రంథులకు చేరుతుంది. అవి కార్టిసాల్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. కొద్దిసేపైతే అది మేలే. కుక్క తరిమినప్పుడు పరుగెత్తడానికి అది కావాలి. కానీ నెలల తరబడి అలాగే ఉంటే, ఒంటి కాపుదలను అణచివేయగలదు. దీనికి ఆధారం ఆసుపత్రిలోనే ఉన్నది. కీళ్ల నొప్పులకో, ఉబ్బసానికో స్టిరాయిడ్ మందులు చాలాకాలం వాడవలసివస్తే, లోపల నిద్రపోయే క్షయ క్రిమి లేస్తుందేమోనని డాక్టర్లు జాగ్రత్త పడతారు. ఆ స్టిరాయిడ్లు కార్టిసాల్‌కు దగ్గరి చుట్టాలు.

1991లో ఇంకొక పరిశోధన వచ్చింది. ఇంగ్లండులో ఆరోగ్యంగా ఉన్న 394 మంది తమ ఇష్టపూర్వకంగా ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేయించుకొన్నారు. ముందుగా వారి జీవితంలో ఒత్తిడి ఎంత ఉన్నదో అడిగి రాసుకొన్నారు. ఒత్తిడి ఎక్కువ ఉన్నవారికి జలుబు ఎక్కువగా పట్టింది. అంటే వైరస్ అందరికీ ఒకటే, తలుపు మాత్రం కొందరిలో సగం తెరిచి ఉన్నది. సంతోషముగల మనసు గురించి, నలిగిన మనసు ఎముకలను ఎండిపోజేయడం గురించి సామెతలు 17:22లో సొలొమోను రాసినది మీకు తెలిసినదే. ఆ వచనాన్ని మనం తేలికగా తీసుకోకూడదు. అయితే ఆ వచనాన్ని చూపించి మందు అట్టను అటక మీద పెట్టమని చెప్పే అధికారం కూడా మనకు లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఇది.

1952లో న్యూయార్కు పట్టణంలో సీ వ్యూ అనే క్షయ ఆసుపత్రిలో ఐసోనియాజిడ్‌ను, దాని తమ్ముడులాంటి ఐప్రోనియాజిడ్ అనే మందును రోగులకు ఇచ్చి చూశారు. లేవలేక పడి ఉన్నవారు లేచారు. ఆకలి పుట్టింది. అయితే ఐప్రోనియాజిడ్ వేసుకొన్నవారిలో ఇంకొకటి కనబడింది. ఊపిరితిత్తులు ఇంకా బాగుపడకముందే వారి ముఖాలు మారిపోయాయి. నవ్వుతున్నారు, కబుర్లాడుతున్నారు. వార్డులో రోగులు నాట్యమాడుతున్న ఫోటోలు పత్రికలలో వచ్చాయి. మొదట ఇది దుష్ఫలితం అనుకొన్నారు. కానీ కొందరు మెదడు డాక్టర్లు వేరేగా ఆలోచించారు. 1957లో నేథన్ క్లైన్ అనే ఆయన క్షయ లేని, కేవలం దిగులు జబ్బు ఉన్న రోగులకు ఆ మందునిచ్చి, చాలామందికి మేలు కలిగిందని ప్రకటించారు. దిగులు జబ్బుకు మొదటి మందులలో అది ఒకటైంది. కాలేయానికి హాని చేస్తున్నదని తర్వాత దాన్ని ఆపివేశారు గానీ, ఆ తలుపు తెరుచుకొన్నది. ఇప్పుడు దిగులు జబ్బుకు వాడే మందులకు ఆ క్షయ వార్డు మేనమామ ఇల్లులాంటిది.

గమనించండి. ఒక క్షయ మాత్ర మెదడులోని కొన్ని రసాయనాలు త్వరగా విరిగిపోకుండా ఆపింది, మనిషి దిగులు తగ్గింది. అంటే దిగులు జబ్బులో మెదడుకు పాత్ర ఉన్నది. గుండెకు, ఊపిరితిత్తులకు జబ్బు చేసినట్టే మెదడుకూ చేస్తుంది. ఏదో ఒక రసం తక్కువైంది, పోస్తే సరిపోతుంది అన్నంత సులువు కాదని ఇప్పటి డాక్టర్లు ఒప్పుకొంటున్నారు. పుట్టుకతో వచ్చినది, చిన్నతనంలో పడిన దెబ్బ, ఇంటి పరిస్థితి, పేదరికం, ఒంటరితనం, అన్నీ కలుస్తాయి. కానీ అది అవిశ్వాసము అనే పాపానికి ఇంకొక పేరు మాత్రం కాదు.

దీనికి తిరుగుడు కూడా ఉన్నది. ఐసోనియాజిడ్ వాడేవారిలో కొందరికి అరికాళ్లు తిమ్మిరెక్కి మంటలు పుడతాయి. అందుకే డాక్టర్లు బి6 విటమిను మాత్ర కలిపి ఇస్తారు. అరుదుగా కొందరికి మాట తడబడి, మతి చెదిరినట్టు అవుతుంది. మామూలు మందులకు లొంగని మొండి క్షయకు వాడే సైక్లోసెరిన్ అనే మందు వల్ల ఇది ఇంకా ఎక్కువ. భయం, దిగులు, లేనిపోనివి వినబడడం, చచ్చిపోవాలనే తలంపు కూడా రావచ్చు. అలాంటి మనిషిని మన దగ్గరకు తీసుకొనివస్తే "దయ్యం పట్టింది" అని నూనె పూసి కూర్చోబెడితే ఏమవుతుంది? ముందు వేసుకొంటున్న మందులేమిటని అడగాలి. అడిగి డాక్టరు దగ్గరకు పంపాలి. డాక్టరు మందు మార్చగలరు. మనం మార్చలేము.

ఇలా చెబుతుంటే, "పాస్టరు గారు లోకజ్ఞానం చెబుతున్నారు, వాక్యము చెప్పడం లేదు" అని కొందరు అనుకోవచ్చు. అయితే 1 రాజులు 19వ అధ్యాయము తెరవండి. ఏలీయా ప్రవక్త. ముందు అధ్యాయములో కర్మెలు పర్వతము మీద ఆకాశం నుండి అగ్నిని దింపినవాడు. యెజెబెలు కబురు వినగానే బెయేర్షెబా దాటి అరణ్యములోకి పోయి, ఒక బదరీవృక్షము కింద కూలబడి, నా ప్రాణము తీసుకో ప్రభువా అని అడిగాడు. విశ్వాసము చాలకనా? అంతటి విశ్వాసవీరుడు ఇంకొకడు ఎక్కడ? దేవుడు ఏమి చేశాడు? గద్దించలేదు. నీ సాక్ష్యము ఏమైపోయింది అని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకొన్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణము నీ శక్తికి మించినదని దూతయే ఒప్పుకొన్నాడు. హోరేబు కొండ, మెల్లని స్వరము, కొత్త పిలుపు, అవన్నీ ఆ తర్వాత. ముందు నిద్ర, తిండి, నీళ్లు. ఒంటి సంగతి చూసిన తర్వాతనే ఆత్మ సంగతి మాట్లాడాడు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినా యెషయా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు మందుగా ఏమి తీసుకోవాలో రాశాడు గానీ, నీ విశ్వాసము చాలదని రాయలేదు. త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని దాచకుండా రాశాడు. ఎంతోమందిని స్వస్థపరచిన అపొస్తలుడే ఆ మాట రాయగలిగితే, మనకు సిగ్గెందుకు?

ఇక దయ్యముల మాట. మత్తయి 4:24లో యేసు ప్రభువు దగ్గరకు తెచ్చినవారి పట్టికను చూడండి. దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు, పక్షవాయువు గలవారు వేరు. మూడింటికీ మూడు పేర్లు. చాంద్రరోగమంటే మనం మూర్ఛ అనే జబ్బు. 17వ అధ్యాయములో ఒక బాలుని చాంద్రరోగము వెనుక దయ్యము ఉన్నదని కూడా రాయబడింది, నేను దాన్ని దాటవేయను. కానీ ఒక చోట అలా ఉన్నదని, చేతిలో తాళపుచెవి పెట్టి తిప్పలుపడే ప్రతి మూర్ఛ రోగినీ దయ్యాల వద్దకు పంపేస్తే, మత్తయి విడదీసినదానిని మనం కలిపేసినట్టే. ఆ వివేచన మనకు లేనప్పుడు ముందు మెదడు డాక్టరుకు చూపించడమే న్యాయం.

వివేచన లేకపోతే ఏమవుతుందో మన పక్క రాష్ట్రం చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకొన్నది. రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. 28 మంది చనిపోయారు. స్వస్థత దొరుకుతుందని నమ్మి కుటుంబాలు అక్కడ వదిలిపెట్టినవారే వారు. అది ఒక దర్గా ఊరు కదా, మనకేమిటి అనుకోవద్దు. గొలుసు వేసిన చోట్లు అన్ని మతాలవారికీ ఉన్నాయి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టము నిషేధించింది. అది ప్రార్థనా మందిరానికి కూడా వర్తిస్తుంది.

గొలుసు లేకుండా ఎలా అని అడిగేవారికి చిత్తూరు నుండి బస్సెక్కితే గంటలో జవాబు కనబడుతుంది. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మన జిల్లావారికి ఇంటి ఆసుపత్రి లాంటిది. అక్కడ 1949లో డాక్టర్ జేకబ్ చాండీ గారు మన దేశంలోనే మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని మొదలుపెట్టారు. కేరళ క్రైస్తవుడు. కెనడాలో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకొన్నారు. మూర్ఛ రోగులకు మెలకువగా ఉండగానే పుర్రె తెరిచి, మెదడును అక్కడక్కడ తాకి ఏ చోట ఏ పని జరుగుతుందో పటం గీసిన వైద్యుడు ఆ పెన్‌ఫీల్డ్. ఒక చోట తాకితే చెయ్యి కదిలేది, ఇంకొక చోట తాకితే పాత పాట వినబడేది. కానీ రోగులు "చెయ్యి నేను కదపలేదు, మీరు కదిపారు" అనేవారట. అంతకాలం మెదడును చూసినవాడు చివరి దశలో, 1975లో, మనసంతా మెదడేనని తాను తేల్చలేకపోతున్నానని రాశాడు. శాస్త్రవేత్తలలో చాలామంది దీనికి ఒప్పుకోరు. నేను దీన్ని ఆత్మకు రుజువుగా వాడను. ఆత్మకు రుజువు శస్త్రచికిత్స బల్ల మీద దొరికేది కాదు.

అదే వేలూరులో 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రము మొదలైంది. కెనడా నుండి వచ్చిన మిషనరీ డాక్టరు ఫ్లోరెన్స్ నికొల్స్ గారు దాన్ని ప్రారంభించారు. ఆ కాలంలో పిచ్చాసుపత్రి అంటే ఎత్తైన గోడలు, లోపలికి పోయినవాడు బయటికి రాడు. బాగాయంలో రోగితో పాటు ఇంటివారు ఒకరు ఉండాలన్నారు. తల్లో, భార్యో, అన్నో పక్కనే ఉండి, వండి పెట్టి, మందు ఎలా ఇవ్వాలో, కోపం వస్తే ఎలా ఓర్చుకోవాలో నేర్చుకొని ఇంటికి తీసుకొని పోవాలి. దాదాపు అదే కాలంలో అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే డాక్టరు గారు కూడా ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను ఉండనిచ్చారు. దీన్ని డబ్బున్న దేశాలవారు తర్వాత మన దగ్గర నుండి నేర్చుకొన్నారు.

మరి ప్రార్థనకు పని లేదా? ఉన్నది. కానీ దాన్ని మాత్రకు పోటీగా పెట్టవద్దు. 2006లో అమెరికాలో 1,802 మంది గుండె ఆపరేషను రోగుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. కొందరి కోసం తెలియని మనుషులు దూరం నుండి ప్రార్థించారు. ప్రార్థన వల్ల ఫలితంలో తేడా కనబడలేదు. పైగా తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో ఇబ్బందులు కొంచెం ఎక్కువే కనబడ్డాయి. "అందరూ ప్రార్థించవలసినంత ప్రమాదంలో ఉన్నానా" అని వాళ్లు భయపడ్డారేమోనని కొందరు అన్నారు. నాస్తికులు ఈ పరిశోధనను చూపించి నవ్వారు. నాకైతే నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. దేవుని తూకం వేసి చూసే ప్రయత్నం అది. మన ప్రార్థన అది కాదు. మనం రోగి మంచం పక్కన కూర్చుంటాము, చేయి పట్టుకొంటాము, పేరు పెట్టి ప్రార్థిస్తాము, అన్నం క్యారియర్ తీసుకొని పోతాము.

మద్రాసు పరిశోధనలోనే ఇంకొక పాఠం దొరికింది. ఇంట్లో ఉన్న రోగి ఒళ్లు కొంచెం బాగుపడగానే మాత్రలు మానేసేవాడు. దిగులుపడినవాడు కూడా మానేసేవాడు. మానేసినవాడికి జబ్బు తిరగబెట్టేది, ఈసారి మందుకు లొంగకుండా. అందుకే ఎదురుగా నిలబడి మాత్ర మింగించే పద్ధతి మద్రాసులోనే రూపు దిద్దుకొని, తర్వాత ప్రపంచమంతా పోయింది. మనసు శరీరాన్ని బాగుచేసే దారులలో నాకు స్పష్టంగా కనబడే దారి ఇదే. ఆశ ఉన్నవాడు రేపటి మాత్ర కూడా వేసుకొంటాడు. ఆ ఆశను నిలబెట్టడం సంఘము చేయగల పని. స్త్రీల సమాజపు సహోదరీలలో ఒకరు ఆరు నెలల పాటు రోజూ ఒక ఇంటికి పోయి "మాత్ర వేసుకొన్నావా అన్నా?" అని అడిగితే చాలు.

ఆ ఉత్తరం రాసిన సహోదరికీ, అలాంటి ఇళ్లలో ఉన్నవారికీ కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. తిండి కోసం చికిత్సకాలంలో ప్రభుత్వం నెలనెలా రోగి బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తుంది. 2018లో 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైంది. మాత్రలు వేసుకొంటుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రక్తం కాదు, భయపడవద్దు. ఉపవాస ప్రార్థన నాడు కూడా మాత్ర మానవద్దు. షుగరు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉపవాసము చేయవద్దు. నిద్ర రెండు వారాలకు పైగా పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతుకు మీద ఆశ పోయినా డాక్టరుకు చెప్పండి. తిరుపతి రుయా ఆసుపత్రికి పోలేనివారు టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు నుండి నడుస్తున్నది, డబ్బు పడదు, రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడతారు. నంబరు మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.